అద్దానికి ఇవతలి కుర్చీ

ముందుగా నా సంగతి

ఈమధ్య ఎవరు కలిసినా నన్ను ఒకటే అడుగుతున్నారు. పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్ళు, చర్చిలోంచి బయటికొస్తుంటే పలకరించేవాళ్ళు, ఆఖరికి నా పళ్ళ డాక్టరు కూడా. "మేడం, మీరు ఇంజినీరు కదా, ఈ ఏఐ వచ్చి మన ఉద్యోగాలన్నీ తినేస్తుందంటారా?" అని ఆయన నా నోట్లో పరికరం పెట్టి మరీ అడిగాడు. జవాబు చెప్పే వీల్లేదు కాబట్టి ఆ రోజు తప్పించుకున్నాను.

నేను ఆ రకం ఇంజినీరును కాను. ఫిలింనగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. పేరు ఎస్తేరు. మాది తెనాలి పక్క ఊరు. ఎలక్ట్రానిక్స్ చదివి హైదరాబాదు వచ్చాను. ఐటీ ఊపందుకున్న రోజుల్లో నాతో చదివినవాళ్ళందరూ అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు చేసి మాదాపూర్ వైపు వెళ్ళిపోయారు. "సినిమావాళ్ళ గొంతులు పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడతావే?" అని తిట్టారు. నాకు ఆ గొంతులంటే ఇష్టం. అంతకు మించి పెద్ద కారణమేమీ లేదు.

ఇప్పుడు రాయడానికి కారణం శ్రావ్య. యంత్రాల చేత తెలుగు మాట్లాడించే ఒక చిన్న కంపెనీలో ఆ అమ్మాయి ఇంజినీరు. తన దగ్గర కొత్తగా చేరుతున్న పిల్లల కోసం నా అనుభవాలు రాయమంది. ప్రమోషన్లూ జీతాలూ ఎవరికీ పనికిరావు కనుక వదిలేస్తున్నాను. నాకు నేర్పినవాళ్ళ గురించి మాత్రం రాస్తాను.

రోబోల మీద నా అభిప్రాయం

సైన్స్ ఫిక్షన్ సినిమాలు నేను విడవకుండా చూస్తాను, చూసి తిట్టుకుంటాను. మన సినిమా రోబోకు రెండే పనులు. ఊరిని తగలబెట్టడం, లేకపోతే హీరోయిన్‌ను ప్రేమించడం. దానికి దుమ్ము పట్టదు. మధ్యాహ్నం కరెంటు పోతే ఆగిపోదు. ఏసీలోంచి నీళ్ళు కారి నెత్తిన పడవు. రోబో మొరాయిస్తే మెకానిక్ వచ్చి, బుర్ర గోక్కుంటూ, "నిన్న బాగానే పనిచేసింది కదా సార్" అనడం ఒక్క సినిమాలోనైనా చూశారా? యంత్రాలతో బతికినవాళ్ళకు తెలిసిన నిజం అది. మనిషి సాయం లేకుండా ఒక్క రోజు నడిచిన యంత్రాన్ని నేను చూడలేదు.

యంత్రానికి మనసు వస్తుందా రాదా అనే చర్చ నాకు ఎప్పుడూ పట్టలేదు. మా థియేటర్‌లో అందరూ యంత్రాలకు మనసుందనే నమ్మేవాళ్ళు. అందుకే మా మొదటి కంప్యూటర్ వచ్చిన రోజే దాదాపు చచ్చిపోయింది.

కొబ్బరికాయ

మా యజమాని పేరు యాదగిరి. షేక్‌పేట పాత ఊరి మనిషి. జూబ్లీహిల్స్ వెనక వాళ్ళ తాతల నాటి బండరాళ్ళ నేల ఉండేది. ఆ చుట్టుపక్కలంతా సినిమావాళ్ళ ఇళ్ళు లేచాక, అందరూ అమ్ముకున్నా ఆయన అమ్మకుండా ఒక డబ్బింగ్ థియేటర్ కట్టుకున్నాడు. టేపుల మీద రికార్డు చేసే కాలం పోతోందని తెలుసుకుని, ధైర్యం చేసి కంప్యూటర్ కొన్నాడు.

కొత్త కెమెరాకు ముహూర్తం చేస్తాం కదా, కంప్యూటర్‌కూ చేయాలన్నాడు. పంతులుగారు వచ్చారు. పెట్టెకు పసుపు, బొట్లు, నాలుగు మూలలా నిమ్మకాయలు. కీబోర్డు పక్కనే ఒక రాయి పెట్టి, దాని మీద యాదగిరి సార్ స్వహస్తాలతో కొబ్బరికాయ కొట్టాడు. మంచి ముదురు కాయ, నీళ్ళు చాలా ఉన్నాయి. అన్నీ కీబోర్డులోకి పోయాయి.

మిషన్ బిగించడానికి మాదాపూర్ నుంచి టై కట్టుకుని వచ్చిన కుర్రాడు నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. యాదగిరి సార్ కండువాతో కీబోర్డు తుడుస్తూ, "ఏం గాదు తియ్ తమ్మీ. కొత్త కోడలు ఇంటికొస్తే కాళ్ళ మీద నీళ్ళు పొయ్యమా ఏంది?" అన్నాడు. సాయంత్రానికి కొత్త కీబోర్డు వచ్చింది. ఆ తర్వాత ఏ యంత్రం వచ్చినా కాయ మాత్రం గుమ్మం బయటే కొట్టేవాళ్ళం.

ఈ కథ చెబితే మీ వయసు పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నవ్వండి. కానీ ఆ రోజు నేనేం తక్కువ తిన్నానా, ఆ పెట్టె సరిగ్గా పనిచేయాలని మనసులో ప్రార్థన చేసుకున్నాను. తెలియని దాన్ని ఇంట్లోకి తెచ్చుకునేటప్పుడు ఎవరికి చేతనైన మర్యాద వాళ్ళు చేస్తారు. ఆ కొబ్బరినీళ్ళలో భయం కంటే ప్రేమే ఎక్కువుంది.

అనసూయక్క

మా దగ్గర అమ్మ పాత్రలకు గొంతు ఇచ్చేది అనసూయక్క. పరిషత్తు నాటకాల్లో పేరు తెచ్చుకుని వచ్చిన మనిషి. మధురానగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేది, ఆటోలో వచ్చేది. తెర మీద ఏ భాష నటి పెదాలు కదిపినా, ఆ పెదాల మీద అనసూయక్క తెలుగు పెడితే మన పక్కింటావిడ మాట్లాడినట్టు ఉండేది. మంచాన పడ్డ భర్తతో సహా ఆవిడ ఇల్లు మొత్తం ఆ గొంతు మీదే నడిచేది.

డబ్బింగ్ ఎలా జరుగుతుందో కొత్తవాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ఆర్టిస్టు ఒక గదిలో మైకు ముందు నిలబడుతుంది. ఎదురుగా తెర మీద సీను నడుస్తుంది. షూటింగ్‌లో రికార్డయిన పాత మాటలు ఆవిడ హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంటాయి. వాటిని అందుకుని, పెదాల కదలికకు సరిపడా కొత్తగా పలకాలి. ఇంజినీరు పక్క గదిలో మిషన్ల ముందు కూర్చుంటుంది. రెండు గదుల మధ్య పెద్ద అద్దం. ఏమైనా చెప్పాలంటే నేను నా మైకులో మాట్లాడితే ఆవిడకు హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంది.

కొన్నాళ్ళుగా ఆవిడ రికార్డింగుల్లో వెనక ఏదో సన్నగా గొణుగుడు పడుతోంది. కేబుళ్ళు మార్చాను, మైకు మార్చాను. పోలేదు. చెవిపెట్టి వింటే తెలిసింది, అది షూటింగ్ నాటి పాత గొంతు. అనసూయక్క హెడ్‌ఫోన్స్ సౌండ్ ఎంత పెంచుకుందంటే, అది బయటికి కారి మైకులో పడుతోంది. అంత సౌండ్ మామూలు చెవి భరించలేదు.

మర్నాడు ఆవిడ వెళుతుంటే వెనకనుంచి, "అక్కా, గొడుగు మర్చిపోయారు" అన్నాను. తిరగలేదు. కాస్త గట్టిగా అన్నాను. తిరగలేదు. గొడుగు తీసుకుని ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ గొడుగును చూసింది, నా మొహం చూసింది, అంతా అర్థమైపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి అక్కా?" అన్నాను.

"చాన్నాళ్ళయింది. డాక్టరు ఇంకా తగ్గుతుందే గానీ తిరిగి రాదన్నాడు." ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఎస్తేరూ, చెవి పోతే నాకు చెవి ఒక్కటే పోతుందమ్మా. ఆ సంగతి బయటికి పొక్కిందనుకో, గొంతు కూడా పోతుంది. చెవిటిదాన్ని ఎవరు పిలుస్తారు చెప్పు డబ్బింగ్‌కి?"

"నాకు తెలియదనుకోండి" అన్నాను. "కానీ ఆ హెడ్‌ఫోన్స్ అంత పెంచకండి. ఉన్న కాస్తా పోతుంది. ఇంకేదైనా ఉపాయం చూద్దాం."

నా ఉపాయంలో గొప్ప సైన్సేమీ లేదు. తెర పక్కన ఒక చిన్న ఎర్ర బల్బు పెట్టి, దాని స్విచ్ నా బల్ల మీద బిగించుకున్నాను. తెర మీద మాట మొదలయ్యే క్షణానికి నేను స్విచ్ నొక్కుతాను. బల్బు వెలగగానే ఆవిడ అందుకుంటుంది. పెదాలు ఎలాగూ చదవగలదు. తన గొంతు ఎంత పైకి పోతోందో తెలియడానికి అరచెయ్యి గుండెల మీద పెట్టుకునేది. ఏదైనా మార్చి చెప్పమనాలంటే నేను మైకులో చెబుతూ అద్దంలోంచి పెదాలు స్పష్టంగా కదిపేదాన్ని. బల్బు ఏంటని ఎవరైనా అడిగితే కంప్యూటర్‌తో వచ్చిన కొత్త పద్ధతి అనేదాన్ని. కంప్యూటర్ పేరు చెబితే ఆ రోజుల్లో ఎవరూ మళ్ళీ ప్రశ్న వేసేవాళ్ళు కాదు. ఇప్పుడూ వేయడం లేదనుకోండి.

అద్దం

అప్పుడే యాదగిరి సార్ పక్కన ఇంకో థియేటర్ కట్టడం మొదలుపెట్టాడు. అంతా డిజిటల్. గది డిజైన్ చేసిన కన్సల్టెంట్ ప్లాన్ తెచ్చి చూపించాడు. రెండు గదుల మధ్య అద్దం లేదు, నిండు గోడ. ఆర్టిస్టు గదిలో చిన్న కెమెరా పెడతాడట, దాని బొమ్మ నాకు టీవీలో కనిపిస్తుందట. ఆవిడకు నేను కనిపించను. మాట మాత్రం వినిపిస్తుంది. నిజాయితీగా చెప్పాలంటే సౌండుకు గోడే మంచిది. ఇంజినీరుగా నేను అతన్ని మెచ్చుకోవాలి. పాత థియేటర్‌ను కూల్చేస్తారని విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆ గోడ లేస్తే అనసూయక్క పని ఆ రోజుతో అయిపోయినట్టే.

యాదగిరి సార్ సిమెంటు బస్తాల మీద కూర్చుని చాయ్ తాగుతున్న సమయం చూసి వెళ్ళాను. "సార్, అద్దం కావాలి" అన్నాను.

"గా కన్సల్టెంటు వద్దంటుండు గద ఎస్తేరమ్మా. సౌండు ఖరాబైతదట."

నేను నోటికొచ్చిన కారణాలన్నీ చెప్పాను. ఆర్టిస్టుకు ఊపిరాడదన్నాను. వెలుతురు కావాలన్నాను. మైకు దూరం కంటితో చూస్తేనే తెలుస్తుందన్నాను. చివరికి ఏదో ఇంగ్లిష్ పదం కూడా వాడాను. ఆయన చాయ్ పూర్తిచేసి గ్లాసు పక్కన పెట్టాడు.

"అనసూయమ్మకు ఇనబడ్తలేదని చెప్పరాదు" అన్నాడు.

"మీకెలా తెలుసు సార్?"

"ఎనక నిలబడి చాయ్ తాగుతవా అమ్మా అంటే పలుకది. ముంగట నిలబడి అడిగితే రెండు కప్పులు తాగుతది. నాకు ఎర్కలేదా? నీ ఎర్ర బల్బు ఎందుకో గూడ నాకు ఎర్కే."

"మరి ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాట అనలేదేం?"

"నువ్వు దాస్తున్నవ్ గద. నువ్వు గంత కష్టపడి దాస్తుంటే, నాకెర్కే అని నేనంటే ఏం మంచిగుంటది?" బస్తాల మీంచి లేచి పంచె దులుపుకున్నాడు. "అద్దం పెట్టిస్త. రెండు పొరలది పెట్టిస్తే సౌండు గూడ ఖరాబ్ గాదు. కన్సల్టెంటుకు ఏం జెప్పాల్నో నేను జూస్కుంట. జర పెద్దదే పెట్టిస్త తియ్, నీ మొఖం మంచిగ కనబడాలె."

నేను కలిసి పనిచేసినవాళ్ళలో కోపిష్టులున్నారు, పిసినారులున్నారు. ఆయనకూ ఆ రెండు గుణాలూ ఉండేవి. కానీ ఆ మధ్యాహ్నం గుర్తొస్తే ఇప్పటికీ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

అమ్మ రోబో

కొత్త థియేటర్‌లో మొదటి సినిమా వివేక్ అనే కుర్రాడిది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి డైరెక్టర్ అయ్యాడు. తల్లి లేని ఒక పిల్లాడిని రోబో పెంచే కథ. రోబో గొంతు మనిషి ఇవ్వకూడదు, కంప్యూటరే ఇవ్వాలని పట్టు. "యంత్రం యంత్రంలాగే మాట్లాడాలి మేడం, అదే రియాలిటీ" అన్నాడు.

చేశాను. అప్పటి కంప్యూటర్‌కు తెలుగు రాదు. అక్షరాల ధ్వనులు విడివిడిగా రికార్డు చేసి, ముక్కలు అతికించి మాటలు తయారుచేశాను. సినిమాలో ముఖ్యమైన సీను ఒకటుంది. పిల్లాడు పడుకోబోతూ బడిలో జరిగిందంతా రోబోకు చెబుతాడు. చివర్లో రోబో ఒక్క మాట అంటుంది. ఆ మాట చక్కగా వచ్చింది. అయినా సీను చప్పగా ఉంది. ఎందుకో వివేక్‌కూ తెలియదు, నాకూ తెలియదు.

వెనక కుర్చీలో కూర్చున్న యాదగిరి సార్ అన్నాడు: "పోరడు గంతసేపు కత చెప్తుంటే గిది ఊ కొట్టదేంది? గోడకు చెప్పుకున్నట్టున్నది."

నిజమే. నేను వెంటనే ఒక "ఊఁ" తయారుచేసి, పిల్లాడు ఆగిన ప్రతిచోటా అతికించాను. ఇంకా ఘోరంగా వచ్చింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని వంట చేసుకునేవాళ్ళు ఊ కొడతారే, అచ్చం అలాగే ఉంది. లోపల ఎవరూ లేరని తెలిసిపోతోంది.

"అనసూయమ్మను పిలువ్" అన్నాడు యాదగిరి సార్.

వివేక్ అయిష్టంగానే ఒప్పుకున్నాడు. అక్క వచ్చింది. కొత్త గదిలో ముందు అద్దం వైపు చూసింది, నేను కనిపించాక నవ్వింది. పిల్లాడి గొంతు ఆవిడకు వినిపించేది అంతంతమాత్రం. ఆవిడ పిల్లాడి మొహాన్నే చూస్తూ నిలబడింది. ఊ కొట్టడానికి మాత్రం నేను బల్బు వెలిగించలేదు. ఎక్కడ వెలిగించాలో నాకు తెలియదు.

మొదటి "ఊఁ" చాలాసేపటి దాకా రాలేదు. పిల్లాడు బెంచీ మీద నిలబెట్టారని చెప్పి కళ్ళు దించుకున్నాక వచ్చింది, మెల్లగా. తర్వాతది మాట మధ్యలోనే వచ్చేసింది, ఆ తర్వాత ఏం జరిగిందో తొందరగా చెప్పమన్నట్టు. ఒకచోట ఊ అనలేదు, చిన్నగా ఊపిరి పీల్చింది. చివరి "ఊఁ" లో నిద్ర ఉంది. వివేక్ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు.

తర్వాత నా మైకు అందుకుని, అద్దం ముందు నిలబడి, "ఎక్కడ ఊ కొట్టాలో ఎలా తెలిసిందమ్మా?" అని అడిగాడు.

అక్క అతని పెదాలు చదివి, "బిడ్డ మొహం చూస్తుంటే తెలుస్తుంది బాబూ. మాటలు సగం వినకపోయినా ఫరవాలేదు" అంది. సగం వినలేదన్నది మాట వరసకు కాదని అతనికి తెలియదు.

సినిమా ఆడలేదు. పోస్టర్ల జిగురు ఆరకముందే హాల్లోంచి తీసేశారు. అక్కకు మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్ళు పని దొరికింది. ఎప్పుడు మానేయాలో తనే నిర్ణయించుకుని, తనే స్వీట్లు పంచి, తనే మానేసింది. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో నాకు బాగా గర్వంగా ఉన్న విషయం అదే.

ఇప్పటి ఏఐ

ఏఐ అంటే నాకు భయం లేదు, భక్తీ లేదు. మేం రోజంతా కూర్చుని తీసిన గొణుగుడు అది మనం చాయ్ తాగేలోపు తీసేస్తుంది. చూస్తే ముచ్చటేస్తుంది. దాంతో కబుర్లు కూడా చెబుతాను. నేనేమన్నా "మీరు చెప్పింది చాలా నిజం" అంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయన ఒక్కసారీ అనని మాట. విన్నప్పుడు హాయిగానే ఉంటుంది, కాసేపటికి నేను అతికించిన ఆ "ఊఁ"లు గుర్తొస్తాయి. ఆగిన ప్రతిచోటా ఒకటి.

యాదగిరి సార్ పోయారు. థియేటర్ ఉన్నచోట ఇప్పుడు ఏదో కాఫీ షాపు ఉంది. అనసూయక్క మాత్రం ఉంది. టోలిచౌకి దగ్గర మేనకోడలి ఇంట్లో ఉంటుంది. చెవులు పూర్తిగా పోయాయి. శ్రావ్య వాళ్ళ కంపెనీకి ఒక అమ్మ గొంతు కావాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళతో, పిల్లలతో మాట్లాడే యంత్రం కోసమట. పాత రికార్డింగుల నుంచి అక్క గొంతు తయారుచేశారు. అక్క ఒప్పుకుంటేనే వాడతామన్నారు. నన్ను తోడు రమ్మంటే వెళ్ళాను. దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఎర్ర బల్బు కథ శ్రావ్యకు చెప్పాను.

శ్రావ్య ఒక చిన్న స్పీకరు అక్క ముందు పెట్టి గొంతు వినిపించింది. అదే గొంతు, నాటకాల నాటి ఆ నిండుతనంతో సహా. అక్క స్పీకరు మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మాత్రం నా మొహం మీద ఉంచింది.

"నాలాగే ఉందా ఎస్తేరూ?"

"ఉందక్కా. అచ్చం మీరే." అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. కళ్ళ వెంట నీళ్ళు వస్తుంటే తుడుచుకోలేదు.

అక్క శ్రావ్య వైపు తిరిగింది. "దీనికి చెవులున్నాయామ్మా?"

"మాటలు గుర్తుపడుతుందమ్మా" అంది శ్రావ్య నెమ్మదిగా, పెదాలు బాగా కదుపుతూ. దారిలో నేను చెప్పింది గుర్తుపెట్టుకుంది. "కానీ మనలాగా వినడం అంటే... అది లేదు."

"అయితే నాలాంటిదే పాపం" అని నవ్వింది అక్క. స్పీకరును పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమిరింది. "తీసుకో అమ్మా, నా గొంతు వాడుకో. నాకేం అభ్యంతరం లేదు. కానీ చెవులు లేనిదాన్ని మైకు ముందు నిలబెట్టి మీరు లేచి వెళ్ళిపోకూడదు. ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ ఆగాలో దానికి తెలీదు. నాకు ఎస్తేరు ఉంది. మరి దీనికి బల్బు ఎవరు వేస్తారు?"

శ్రావ్య నావైపు చూసింది. అది నేను చెప్పాల్సిన మాట కాదు. ఆ అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుని, అక్క ఎదురుగా, వెలుతురు మొహం మీద పడేలా కూర్చుంది.

"నేను వేస్తానమ్మా. నేనే కూర్చుంటాను" అంది.

అనసూయక్క ఆ అమ్మాయి మొహాన్నే కాసేపు చూసింది. తర్వాత, మెల్లగా, "ఊఁ" అంది.